ఇండియా ప్రపంచ కప్పు ఆడాలంటే ఈ డిస్కే దిక్కు

2010 ఫిఫా వరల్డ్ కప్ సౌత్ ఆఫ్రికా అనే వీడియో గేమ్‌లో మైదానాలు బాగుంటాయి, జెర్సీలు బాగుంటాయి, కప్పు ఎత్తినప్పుడు రంగు కాగితాలు కురుస్తాయి. నాకు వాటితో పని లేదు. ఇన్నేళ్లయినా చేతిలో పట్టుకుని ఆడుకునే నా సోనీ పీఎస్‌పీ సెట్టులోంచి ఆ డిస్కు బయటికి రాకపోవడానికి కారణం ఒక్కటే. అందులో 199 దేశాల జట్లున్నాయి, వాటిలో మనమూ ఉన్నాం.

బ్రెజిల్‌నో స్పెయిన్‌నో తీసుకుని గెలిస్తే ఏముంది? ఇండియాను ఎంచుకుని ఆసియా క్వాలిఫయింగ్ దగ్గర మొదలుపెట్టాలి. నిజానికి ఆ కప్పు కోసం మన పోరాటం 2007 అక్టోబరులోనే ముగిసింది. లెబనాన్ తన గడ్డ మీద 4-1తో కొట్టింది, గోవాలో 2-2తో సరిపెట్టింది. దక్షిణాఫ్రికాలో టోర్నీ మొదలయ్యే నాటికి మనం అర్ధరాత్రి మ్యాచ్‌లకు మేలుకుని పరాయి జట్లకు చప్పట్లు కొట్టడమే మిగిలింది. ఆటలో ఆ లెక్కను మళ్లీ మొదటి నుంచి వేసుకోవచ్చు.

అలాగని సులువేం కాదు. మన ఆటగాళ్లకు వేగం తక్కువ. పరుగు బటన్ నొక్కి పట్టినా వెనక నుంచి జపాన్ డిఫెండర్ వచ్చి బంతి లాక్కుని పోతాడు. అందుకే నేను ఆడే ఫుట్‌బాల్ చూడ్డానికి అందంగా ఉండదు. పదిమందినీ వెనక్కి లాగి, కార్నర్ దొరికేదాకా ఓపిక పట్టి, తలతో ఒక గోల్ వేసి, తర్వాత బంతిని ఎటో దూరంగా తన్నుకుంటూ కూర్చోవడం. ఎదుటివాడు చూస్తే విసుక్కుంటాడు. నాకు మాత్రం ఖతర్ మీద అలా గెలిచిన 1-0 ముందు ఏ ఫైనలూ ఆనదు.

ఇదంతా ఎక్కువగా ఆడింది మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడ వెళ్లే ప్యాసింజర్లో. అప్పటికి ఈ దారిలో రెండో లైను పడలేదు. ఎదురుబండి కోసం జడ్చర్లలోనో గొల్లపల్లిలోనో బాలానగర్‌లోనో నిలబెట్టేవారు. సీజన్ టికెట్టు వాళ్లు పేకముక్కలు తీసేవారు, నేను దీన్ని తీసేవాణ్ని. టీసీ వచ్చినా, ఆఫీసు నుంచి ఫోను వచ్చినా పక్కనున్న స్విచ్చును ఒకసారి పైకి తోస్తే చాలు, బంతి గాల్లో ఉండగానే నిద్రపోతుంది. మళ్లీ తోస్తే అదే బంతి, అదే గాలి. ఈ సౌకర్యాన్ని కొత్తలో నేను కనిపించిన ప్రతివారికీ పొగిడి చెప్పాను.

ఆ పొగడ్తను ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి. నిద్రపోతున్న ఆట ఉండేది బ్యాటరీ దయ మీదే. అసలు బ్యాటరీ వయసైపోయి చార్జి నిలపడం మానేశాక హైదరాబాదులో ఒక దుకాణంలో మరొకటి కొన్నాను. ఒరిజినలేనని దుకాణదారు గట్టిగా చెప్పాడు. పెట్టె మీద అక్షరాలు కూడా అలాగే ఉన్నాయి. కొన్నాళ్లు బాగానే నడిచింది.

ఆ రోజు గ్రూపులో చివరి మ్యాచ్, ఎదురుగా ఆస్ట్రేలియా. గెలిస్తే దక్షిణాఫ్రికా. కార్నర్లో వచ్చిన గోలుతో 1-0 ఆధిక్యంలో ఉన్నాను, ఎనభై నిమిషాలు దాటాయి. బాలానగర్‌లో బండి ఆగింది. రోజూ ఎదురు సీట్లో కూర్చునే పెద్దాయన కూడా తొంగి చూస్తున్నాడు. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడినవాడట. హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మనవాళ్లు 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియాడ్ స్వర్ణం తెచ్చారని చెబుతూ, చాయ్ తీసుకోమన్నాడు. స్విచ్చు తోసి చాయ్ తీసుకున్నాను. గ్లాసు కింద పెట్టి మళ్లీ తోశాను. తెర వెలగలేదు. అంతకుముందు బ్యాటరీ గుర్తు దాదాపు నిండుగానే చూపించింది, హెచ్చరిక దీపం ఒక్కసారి కూడా మిణకలేదు.

“మనవాళ్లు గెలిచారా సార్?” అన్నాడు పెద్దాయన. ఏం చెప్పను?

సాయంత్రం ఇంట్లో చార్జర్ పెట్టి చూస్తే ముందు మ్యాచ్ దాకా మాత్రమే భద్రంగా ఉంది. అదే మ్యాచ్ మళ్లీ ఆడాను, 2-0తో ఓడాను. బ్యాటరీ తీసుకుని దుకాణానికి వెళ్తే, వారంటీ చార్జర్‌కే గాని దీనికి లేదన్నాడు. అసలు నేను చార్జరే కొనలేదు!

అయినా ఆటను వదల్లేదు. 2024 జూన్‌లో ప్రపంచ కప్పు క్వాలిఫయింగ్‌లో కోల్‌కతాలో కువైట్‌తో 0-0, అప్పటికి మన కెప్టెన్ సునీల్ ఛేత్రి వీడ్కోలు మ్యాచ్. అయిదు రోజులకే దోహాలో ఖతర్‌తో 2-1 ఓటమి. ఖతర్ మొదటి గోలుకు ముందు బంతి గీత దాటిపోయిందని మనవాళ్లు ఎంత మొత్తుకున్నా లెక్కలోకి రాలేదు. ఆ రాత్రి కోపం తీర్చుకోవడానికి నాకు దొరికింది ఇదే. 1950లో బ్రెజిల్ వెళ్లే అవకాశం మనకు ఆడకుండానే వచ్చింది, గ్రూపులో మిగతావాళ్లు తప్పుకున్నారు. మనవాళ్లు వెళ్లలేదు. తర్వాత ఎన్నడూ దరిదాపులకు పోలేదు. అందుకే క్వాలిఫయింగ్ ఉన్న ఆట అంటే నాకింత పిచ్చి. 2014 నాటి ఆటలో 203 జట్లు పెట్టారు గాని అది చేతిలో పట్టుకుని ఆడేది కాదు. 2018లో నింటెండో స్విచ్ అనే సెట్టుకు వచ్చినదాంట్లో నేరుగా టోర్నీయే, క్వాలిఫయింగ్ ఊసు లేదు.

మీకు నచ్చుతుందా అంటే, ఏమో. పెద్ద జట్లతో పెద్ద గోల్స్ కొట్టాలనుకునేవారికి ఇది పాతబడిపోయింది, ఆటగాళ్లంతా 2010లోనే ఆగిపోయారు. మా అన్న కొడుకు ఒక మ్యాచ్ ఆడి, తన ఫోన్లో ఆటే నయమని తిరిగి ఇచ్చేశాడు. రెండో లైను వచ్చాక మా బండి కూడా మునుపటంత ఆగడం లేదు, కాబట్టి నేనే తక్కువ ఆడుతున్నాను. వాడిన సెట్టు ఎవరైనా అమ్ముతుంటే మాత్రం ఆటను తర్వాత చూడండి. ముందు వెనక మూత తీసి బ్యాటరీ ఉబ్బిందేమో చూసి, చార్జర్ పీకి ఒక మ్యాచ్ మొత్తం ఆడించి, స్విచ్చు పైకి తోసి పావుగంట పక్కన పెట్టించండి. తెర మళ్లీ వెలిగాకే ధర మాట్లాడండి.