పైన గదులా, వెనక రేకుల షెడ్డా: ఏది మేలు?

పిల్లగాడి పెళ్లి కుదురుతుంది, లేకపోతే ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మను తెచ్చుకోవాల్సి వస్తుంది. ఇంట్లో ఇంకో గది కావాలి. మా నల్లగొండలో ఎవరిని అడిగినా రెండే మాటలు చెప్తారు: "పైన ఎయ్యి", "వెనక రేకులు దించు". పోయిన ఎండాకాలం నేను పైన రెండు గదులు వేసినప్పటి నుంచి బంధువుల దగ్గర మొదలుపెట్టి ఆఫీసు వాళ్ల దాకా అందరూ నన్ను ఇదే అడుగుతున్నారు. అంతకు ముందు తొమ్మిదేళ్లు వెనక రేకుల గది వాడినవాణ్ని కాబట్టి రెండింటి సంగతీ నాకు తెలుసు.

ఖర్చు మాట ముందు తేల్చేస్తాను. షెడ్డు వారం పది రోజుల పని, చేతిలో ఉన్న డబ్బుతో అయిపోతుంది. పైన అంటే ఇసుక, స్టీలు, సెంట్రింగ్, మెట్లు, ఆర్నెల్ల తిప్పలు. ఇందులో పోలికే లేదు, షెడ్డే చవక. ఇక ఉండటానికి ఎలా ఉంటుందంటారా? ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండకు రేకుల కింద మధ్యాహ్నం మనిషి పడుకోలేడు. పైన గడ్డి పరిచి నీళ్లు చల్లాం. ఆ గడ్డిని కోతులు రెండో రోజే పీకి పడేశాయి. అవి ఎగిరి దూకినచోటల్లా సిమెంటు రేకు పగిలింది. మొదటి వానకు బియ్యం బస్తా తడిసింది.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నా లెక్కలో అసలు తేడా వెనక జాగ దగ్గర వస్తుంది.

షెడ్డు వేసిన రోజు మేస్త్రీ ధీమాగా అన్నాడు: "ఏం గాదు సారూ, రేకులకు ఎవడొచ్చి అడుగుతడు?" నిజమే, తొమ్మిదేళ్లు ఎవరూ అడగలేదు. కానీ చట్టం చూస్తే బిల్డింగ్ అంటే స్లాబు ఇల్లొక్కటే కాదు, షెడ్డు కూడా అందులోకే వస్తుంది. ఇటుకతో కట్టినా, ఇనుప పైపుల మీద నిలబెట్టినా ఒకటే. ఆ మాట నాకు పైన వేసే ముందు ఇంజనీరు వచ్చి టేపు పట్టినప్పుడు అర్థమైంది.

మాది 30 ఇంటూ 45, అంటే 150 గజాలు, దాదాపు 125 చదరపు మీటర్లు. వంద నుంచి రెండొందల చదరపు మీటర్ల ప్లాటు, ముందు నలభై అడుగుల లోపు రోడ్డు. దీనికి 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. మీటరంటే మూడడుగుల మూడంగుళాలు. మా వెనక ఖాళీ ఎనిమిది అడుగులు. వదలాల్సింది తీసేస్తే షెడ్డుకు మిగిలేది నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలు. అందులో మంచం వేస్తే మనిషి నడవడానికి దారి ఉండదు. అందుకే అందరిలాగే నేనూ ప్రహరీ గోడకు ఆనించి రేకులు దించాను. టేపు చుట్టేసి ఇంజనీరు ఒకటే అన్నాడు: "ఇది ఉండగా నేను ప్లాన్ మీద సంతకం పెట్టను."

ఆయన మొండితనానికి కారణం ఉంది. 2020లో ఇళ్ల పర్మిషన్లను ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో ఆరొందల గజాల లోపు జాగలో పది మీటర్ల ఎత్తు మించని ఇళ్లకు సొంత ధ్రువీకరణ మీదే పర్మిషన్ వస్తుంది. దరఖాస్తు పెట్టే టీఎస్ బీపాస్ పోర్టల్ పోయి ఇప్పుడు బిల్డ్‌నౌ వచ్చింది. పాత రోజుల్లోలా ఫైలు పట్టుకుని నెలల తరబడి తిరగక్కర్లేదు. కాకపోతే జాగలో ఇప్పటికే ఉన్న కట్టడం ఎంత, చుట్టూ ఎంత వదిలామన్నది మనమే రాసిస్తాం. 21 రోజుల్లోపు అధికారులు వచ్చి చూస్తారు. రాసినదానికి, నేల మీద ఉన్నదానికి పొంతన లేకపోతే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. షెడ్డును దాచి రాస్తే పైన వేసిన స్లాబుకే ఎసరు. చూపించి రాస్తే ప్లాన్ ముందుకు కదలదు.

"తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందాం" అనే ధైర్యం కొందరిది. 2015లో అక్రమ కట్టడాలను రెగ్యులరైజ్ చేయడానికి పెట్టిన బీఆర్ఎస్ స్కీముకు ఆ ఏడాది అక్టోబరు 28 నాటికి ఉన్న కట్టడాలే లెక్క. ఆ దరఖాస్తులు కూడా కోర్టులో ఏళ్ల తరబడి నలిగాయి. దాన్ని నమ్ముకుని ఇవాళ గోడ లేపడమంటే నాకు మనసొప్పదు.

పైన వేయాలనుకునేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. ఇల్లు కట్టినప్పుడే పై అంతస్తుకు పర్మిషన్ తీసుకుని, డబ్బులు చాలక కింద వరకే కట్టి ఆపేస్తారు. ఆ కాగితం ఇప్పటికీ పనికొస్తుందనుకుంటారు. పర్మిషన్‌కు గడువుంటుంది, అది దాటితే మళ్లీ కొత్తది తీసుకోవాల్సిందే. పిల్లర్ల మీద వదిలిన రాడ్లదీ అదే కథ. మావి తుప్పుతో పొరలుగా రాలాయి. పైభాగం కోసేసి, కింద గట్టి ఇనుము తేలేదాకా కాంక్రీటు కొట్టి కొత్త రాడ్లు కలిపారు. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొని, దాన్ని రెగ్యులరైజ్ చేయించుకునే ఎల్ఆర్ఎస్ ఫీజు కట్టనివాళ్లు ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. పార్కుల్లాంటి వాటికి వదలని జాగకు బదులు కట్టే ఓపెన్ స్పేస్ ఛార్జీ కిందే జాగ విలువలో 14 శాతం పడుతుంది.

డెబ్బై ఐదు గజాల లోపు వాళ్లకు ఈ గొడవ లేదు. పైన ఒక అంతస్తు వరకు పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అయితే పెద్ద ప్లాటును ముక్కలు చేసి ఈ లెక్కలోకి వస్తామంటే కుదరదు.

షెడ్డు ఎవరికీ పనికిరాదని అనను. రాతి గోడల మీద బండలు పరిచిన పాత ఇల్లయితే పైన బరువు వేయమని ఏ ఇంజనీరూ చెప్పడు. మూడొందల గజాల జాగలో చిన్న ఇల్లుంటే చుట్టూ వదలాల్సింది వదిలి, ప్లాన్‌లో చూపించి, దర్జాగా వేసుకోవచ్చు. దేవరకొండ రోడ్డు వైపు మా బావ అలాగే వేశాడు, కింద పీవోపీ సీలింగ్ కూడా కొట్టించాడు. కంటైనర్ గదులంటారా, క్రేను మా గల్లీ మలుపు తిరగదు కాబట్టి నేను ఆలోచించలేదు. డాబా మీద రేకుల గది కూడా అంతస్తు లెక్కే, పైగా ఈదురుగాలికి రేకు లేస్తే పక్కింటి వాళ్లతో తగువు.

మీ ఇంటికి ఏదని అడిగే ముందు ఒక పని చేయండి. పాత ప్లాన్ కాపీ వెతికి తీసి, టేపు పట్టుకుని వెనక గోడ నుంచి ప్రహరీ దాకా కొలవండి. కాగితం మీద ఉన్న అంకె వస్తే పైన వేసుకోవడానికి దారి ఉన్నట్టే. మా ఇంట్లో ఆ అంకె రావడానికి షెడ్డు పీకాల్సి వచ్చింది. పగలని రేకులు ఏడు మిగిలితే తమ్ముడు ట్రాలీలో వేసుకుని బాయి కాడి బర్రెల కొట్టానికి తీసుకుపోయాడు.