15 వేలతో ఆల్బమ్ ప్రచారం: ఏడాదిన్నర చేసి చూశాక

మాది ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి. నలుగురం కలిసి ఎనిమిది పాటల ఆల్బమ్ చేశాం. ఏడు తెలుగువి, ఒకటి సగం ఒడియా. రికార్డింగు, మిక్సింగు ఖర్చులు పోను ప్రచారానికి మిగిలింది 15 వేలు. ఆ డబ్బుతో ఏడాదిన్నరగా ఏమేం వాడామో, ఏది పనికొచ్చిందో రాస్తున్నాను. మాలాంటి చిన్న ఊరి బ్యాండ్ ఎవరికైనా పనికొస్తుందని.

ముందు పైసా ఖర్చులేనిది చెప్తాను. పాటలు వినే యాప్ స్పాటిఫైలో కళాకారుల కోసం ఉన్న స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో, విడుదల కాని పాటను అక్కడి ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకు పంపుకోవచ్చు. కనీసం ఏడు రోజుల ముందు పంపితే, ప్లేలిస్టులో పెట్టినా పెట్టకపోయినా, మనల్ని ఫాలో అయ్యేవాళ్ళకు కొత్త పాటలు చూపించే రిలీజ్ రాడార్ అనే ప్లేలిస్టులో ఆ పాట వస్తుంది. మొదటి పాటకు ఈ సంగతి తెలియక ఐదు రోజుల ముందు అప్‌లోడ్ చేశాం, ఆ అవకాశం పోయింది. తర్వాత నుంచి నాలుగు వారాల ముందే ఇస్తున్నాం. ఎడిటర్ల ప్లేలిస్టులో ఒక్కసారి కూడా చోటు దొరకలేదు. అయినా రిలీజ్ రాడార్ ఒక్కదాని కోసమైనా ఇది మానకూడదు.

ఆల్బమ్ మొత్తం ఒకేరోజు వదలకుండా, నెలన్నరకో పాట చొప్పున నాలుగు పాటలు వదిలి, చివర్లో ఆల్బమ్ పెట్టాం. ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రతి పాటకు ఐ.ఎస్.ఆర్.సి. అని ఒక కోడ్ ఉంటుంది. ఆల్బమ్‌లో పెట్టేటప్పుడు అదే ఆడియో, అదే కోడ్ ఇస్తే ఎన్నిసార్లు విన్నారన్న పాత లెక్క కొనసాగుతుంది. ఒక పాటకు మేం కోడ్ ఇవ్వడం మర్చిపోయాం, కొత్త కోడ్ పడింది, ఆల్బమ్‌లో ఆ పాట సున్నా నుంచి మొదలైంది. 2024 నుంచి స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 సార్లు వినిపించని పాటకు రాయల్టీ రాదు కాబట్టి చిన్న బ్యాండ్‌కి ఆ లెక్క ముఖ్యం. మా ఎనిమిదింటిలో ఆ గీత దాటినవి మూడే.

ఇక ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్. మా ఊరు 1936లో ఒడిశాలోకి వెళ్ళింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు, ఇప్పటికీ బజారులో తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. యాడ్‌లో రాష్ట్రం ఒడిశా అని పెడితే భువనేశ్వర్, కటక్ వాళ్ళకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ అంటే విజయవాడ, విశాఖ వాళ్ళు చూశారు. పక్కనే ఆంధ్ర వైపున్న పాతపట్నానికి రెండుసార్లూ సరిగా చేరలేదు. రాష్ట్రం తీసేసి, మ్యాప్ మీద పర్లాకిమిడి దగ్గర పిన్ పెట్టి 40 కిలోమీటర్లు అన్నాకే దారిలో పడింది. పాతపట్నం, మెళియాపుట్టి, కాశీనగర్ అన్నీ ఒకే వలయంలోకి వచ్చాయి. భాష దగ్గర తెలుగు అని టిక్ చేయొద్దు. మా వైపు ఫోన్‌ని ఇంగ్లీషులోనే వాడేవాళ్ళు ఎక్కువ. టిక్ పెట్టగానే చేరే జనం బాగా తగ్గిపోయారు. రోజుకు 100 రూపాయలు, పది రోజులు. మాకు అది చాలింది.

బాధపడ్డది ప్లేలిస్ట్ ప్రమోషన్ అమ్మేవాళ్ళ దగ్గర, అంటే డబ్బు తీసుకుని ప్లేలిస్టుల్లో పాట పెట్టిస్తామనేవాళ్ళ దగ్గర. 4 వేలు కట్టాం. మూడు రోజుల్లో అంకె ఎగబాకింది, మా వాడైతే రాత్రంతా ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. కానీ పాటను సేవ్ చేసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. విన్న ఊళ్ళన్నీ మాకు సంబంధం లేని దేశాలవి. తర్వాత కృత్రిమ స్ట్రీమ్స్ అని, అంటే నిజంగా మనుషులు విన్నవి కావని మెయిల్ వచ్చింది, పాట తీసేశారు. మళ్ళీ ఎక్కించడానికి రెండు నెలలు పట్టింది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఇన్ని వేల స్ట్రీమ్స్ గ్యారెంటీ అని ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి.

అన్నిటికంటే మేలు చేసింది నేను అనుకోనిది. స్పాటిఫైలో ఏ ఊళ్ళో ఎంతమంది విన్నారో చూపిస్తుంది. పర్లాకిమిడి, బరంపురం, విశాఖ తర్వాత సూరత్ ఉంది. మొదట పొరపాటేమో అనుకున్నాను. పవర్‌లూముల్లో పనికి వెళ్ళిన మా వైపు కుర్రాళ్ళు గుర్తొచ్చి గుండె బరువెక్కింది. సగం ఒడియా పాటనే వాళ్ళు ఎక్కువ విన్నారు. మిగిలిన డబ్బులో 2 వేలు సూరత్ మీద పెట్టాం. ఆ పాట లిరిక్ వీడియో కింద ఒకతను ఇలా రాశాడు: "షిఫ్ట్ అయ్యాక రూమ్‌లో అందరం విన్నాం అన్నా, మా ఊరి మాట విని చాలా రోజులైంది."

కార్డులు కూడా వేయించాం, విజిటింగ్ కార్డు సైజు, వెనక క్యూఆర్. అది ఒక్క యాప్‌కే కాకుండా అన్ని యాప్‌ల లింకులున్న పేజీకి వెళ్ళాలి, ఎందుకంటే మా దగ్గర పాటలు వినేది ఎక్కువగా యూట్యూబ్‌లోనే. గుణుపురం రైల్లో పంచినప్పుడు ఒక పెద్దాయన కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇందులో పాట ఎక్కడుంది బాబూ" అని అడిగారు. నా ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన చెవిలో పెట్టాను. పాట అయ్యేదాకా తీయలేదు.

ఇప్పుడు రెండో ఆల్బమ్ పనిలో ఉన్నాం. ఈసారి ఒడియా కలిసిన పాటలు మూడు. మొదటి పాట విడుదలకు నెల ముందే అప్‌లోడ్ చేశాం, కోడ్‌లన్నీ నోట్‌బుక్‌లో రాసి పెట్టాం, యాడ్ పిన్‌లలో ఒకటి సూరత్ మీద ఉంది.