నికాన్ డీ5300 ఏళ్లుగా వాడుతున్నా: మొదటి డీఎస్ఎల్ఆర్ కొనేవాళ్లకి నా మాట

మొదటి డీఎస్ఎల్ఆర్ (లెన్సులు మార్చుకోగలిగే కెమెరా) ఏది తీసుకోవాలి అని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, దగ్గరే ఆగిపోతారు, లెన్స్ సంగతి తర్వాత చూద్దాంలే అంటారు. నేను మాత్రం ముందు లెన్సే చూడమంటా. నా దగ్గరున్నది నికాన్ డీ5300, 2013లో వచ్చిన మోడల్, 24 మెగాపిక్సెల్, ఇప్పటికీ దాంతోనే తీస్తున్నా, పెద్ద ప్రింట్లు వేయించినా చక్కగా వస్తున్నాయి. స్క్రీన్ తిరుగుతుంది కాబట్టి ముగ్గులు తీసేటప్పుడు కెమెరా నేలకి ఆనించి పైనుంచి చూసుకోవచ్చు, కాకపోతే ఇలా స్క్రీన్‌లో చూస్తూ తీసే లైవ్ వ్యూలో ఫోకస్ బాగా నిదానం, పరిగెత్తే పిల్లల్ని తీయాలంటే వ్యూఫైండర్‌లో కన్ను పెట్టాల్సిందే.

కెమెరాతో పాటు కిట్‌లో వచ్చే 18-55ఎంఎం జూమ్ లెన్స్ పగలు బానే ఉంటుంది. పొద్దుగూకాకే దానితో కష్టం. బతుకమ్మ ఆడేటప్పుడు చూడండి, ఉన్నదల్లా వీధిలైటు, ఆడేవాళ్లు తిరుగుతూనే ఉంటారు, 55 దగ్గర లెన్స్ ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ తెరుచుకున్నట్టు), షట్టర్ వేగం సెకనులో 1/15కి పడిపోయి చప్పట్లు కొట్టే చేతులన్నీ అలికేసినట్టు వస్తాయి. వీఆర్ ఉందిగా అంటారు, అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల కదలికని ఆపదు. అక్కడే 35ఎంఎం ఎఫ్/1.8జీ పెడితే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికొస్తుంది, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ సున్నితత్వం) పెంచకుండానే షట్టర్ 1/125 దాకా వెళ్తుంది, చేతికున్న గాజులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. డీ5300లో ఉన్న చిన్న సెన్సర్ మీద అది, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 52ఎంఎం లెన్స్ ఎంత చూపిస్తుందో అంతే చూపిస్తుంది, ఇంట్లో గదిలోనూ సరిపోతుంది, 50 అయితే వెనక్కి జరిగి జరిగి గోడకి ఆనుకోవాలి.

నికాన్ కొనేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో లెన్స్‌ని తిప్పి ఫోకస్ చేసే మోటార్ ఉండదు, చవగ్గా దొరుకుతోంది కదా అని 50ఎంఎం ఎఫ్/1.8డీ తీసుకుంటే రింగ్ చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్స్‌లోనే మోటార్ ఉందని చెప్పే ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో దాని మీద ఉండాలి, ఏఎఫ్-పీ అయితే డీ5300లో ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తదో కాదో చూసుకోండి, డీ3200, డీ5100, అంతకంటే పాత బాడీల్లో మాత్రం ఏఎఫ్-పీ ఫోకస్ కాదు. కెనాన్‌లో ఈ గొడవ లేదు, ఈఎఫ్ లెన్సుల్లో మోటార్ లోపలే ఉంటుంది.

పక్షుల కోసం 70-300ఎంఎం లెన్స్ కావాలి. కొల్లేరు ఆటపాకలో పెలికాన్లు తీయడానికి 300 కూడా ఒక్కోసారి చాలదు. కానీ ఎప్పుడో ఒకసారి వెళ్లేదానికి కొనడం దండగ, అద్దెకి దొరుకుతాయి.

2020 తర్వాత నికాన్, కెనాన్ కొత్త డీఎస్ఎల్ఆర్‌లు తేలేదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతున్నాయి. నికాన్ అయితే ఆ కెమెరాతోనే అక్కడికక్కడ ఒక ఫొటో తీసి ఆ ఫైల్ వివరాల్లో షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో) చూడండి, లెన్స్ తీసి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి, లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దు. కొన్నాక కూడా, ముఖ్యంగా కాకినాడ, విశాఖ లాంటి తేమ ఊళ్లలో, బ్యాగులో పెట్టి బీరువాలో వదిలేయకండి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చి రంగు మారే సిలికా జెల్ వేసి పెట్టండి, రంగు మారగానే అది మార్చేయండి.