రిక్‌వుడ్ ఫీల్డా, రీజియన్స్ ఫీల్డా? బర్మింగ్‌హామ్‌లో ఏది చూడాలి?

అట్లాంటా నుంచి వీకెండ్‌కి అలబామా వైపు వచ్చే మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. 2024 జూన్‌లో రిక్‌వుడ్‌లో జరిగిన జెయింట్స్, కార్డినల్స్ బేస్‌బాల్ మ్యాచ్ టీవీలో చూశాక మరీ ఎక్కువైంది. "ఆ పాత గ్రౌండ్‌లోనే మ్యాచ్ చూస్తాం" అంటారు. తీరా వాళ్లు వచ్చే రోజు చూస్తే అక్కడ ఆటే ఉండదు.

ఊరి బేస్‌బాల్ జట్టు బారన్స్ 2013 నుంచీ ఆడుతున్నది డౌన్‌టౌన్‌లోని రీజియన్స్ ఫీల్డ్‌లో. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మ్యాచ్‌లుంటాయి. పెద్ద లీగ్‌లోని షికాగో వైట్ సాక్స్‌కు ఇది డబుల్ ఎ జట్టు, అంటే రెండు మెట్లు కింది జట్టు కాబట్టి, రేపో మాపో పెద్ద లీగ్‌కు వెళ్లే కుర్రాళ్లను దగ్గర నుంచి చూడొచ్చు. సుమారు 8,500 మంది పట్టే స్టేడియమే, వెనక వరసలో కూర్చున్నా బంతి బాగా కనిపిస్తుంది. పిల్లలకు బోర్ కొడితే రోడ్డు దాటగానే రైల్‌రోడ్ పార్క్ ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనో, చంటిపిల్లలతోనో వస్తుంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఇక్కడికే వెళ్లండి.

పెద్దవాళ్లు మాత్రమే వస్తే, చేతిలో ఒక్క పూటే ఉంటే, నా ఓటు రిక్‌వుడ్‌కే. ఆట లేకపోయినా సరే.

1910 ఆగస్టు 18న మొదలైన గ్రౌండ్ అది. అమెరికాలో ఇంకా నిలిచి ఉన్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ గ్రౌండ్లలో అదే అన్నిటికన్నా పాతది, బోస్టన్ ఫెన్‌వే కన్నా రెండేళ్లు పెద్దది. కానీ పాతదనం ఒక్కటే అయితే నేనింత పట్టుబట్టను. ఆ ఒక్క మైదానాన్నే తెల్లవాళ్ల బారన్స్, నల్లవాళ్ల బ్లాక్ బారన్స్ దశాబ్దాల పాటు వేర్వేరు రోజుల్లో వాడుకున్నారు. బారన్స్ ఆట చూడటానికి వచ్చిన నల్లజాతి ప్రేక్షకులను మైదానం కుడి చివర, రైట్ ఫీల్డ్ వైపు విడిగా కూర్చోబెట్టేవారు. 1948లో పక్క ఊరు ఫెయిర్‌ఫీల్డ్‌లో ఇంకా హైస్కూల్ చదువుతున్న 17 ఏళ్ల విల్లీ మేస్, తర్వాతి కాలపు బేస్‌బాల్ దిగ్గజం, బ్లాక్ బారన్స్ తరఫున ఆడింది ఇక్కడే. 2024 మ్యాచ్ ఆయన గౌరవార్థం పెట్టుకున్నదే. దానికి రెండు రోజుల ముందే ఆయన పోయారు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. 1963లో పౌరహక్కుల ఊరేగింపుల మీదికి పోలీసు కుక్కలను, ఫైర్ ఇంజిన్ నీళ్లను వదిలించిన బుల్ కానర్ రాజకీయాల్లోకి రాకముందు బారన్స్ ఆటలకు రేడియో కామెంటరీ చెప్పేవాడు. రెండు జాతుల వాళ్లు కలిసి ఆడకూడదని నగరంలో చట్టమే ఉండేది. ఆ గొడవల మధ్య 1961 సీజన్ తర్వాత బారన్స్ జట్టునే ఎత్తేశారు. 1964లో తిరిగి వచ్చినప్పుడు నల్ల ఆటగాళ్లు, తెల్ల ఆటగాళ్లు ఒకే జట్టులో ఉన్నారు. ఇదంతా రీజియన్స్ పక్కనున్న నీగ్రో సదరన్ లీగ్ మ్యూజియంలో ఓపిగ్గా చదువుకోవచ్చు, కాదనను. కానీ ఆ రైట్ ఫీల్డ్ మూలన నిలబడి బ్యాటర్ ఆడే హోమ్ ప్లేట్ వైపు చూస్తే, ఎవరిని ఎంత దూరం పెట్టారో కంటితోనే కొలుచుకోవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. పైకప్పును మోసే స్తంభాలు కొన్ని సీట్లకు అడ్డం. వేసవిలో ఉక్కపోత మన విజయవాడకు తీసిపోదు. లోపలికి ఏ రోజుల్లో వదులుతారో ముందే కనుక్కుని బయల్దేరండి.

ఊళ్లోని మిగతా స్టేడియాలు అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి ఉంటే తప్ప అవసరం లేదు. లీజియన్ ఫీల్డ్‌ది గతించిన వైభవం, 2021లో వచ్చిన ప్రొటెక్టివ్ స్టేడియం కొత్తగా, శుభ్రంగా ఉంటుంది, అంతే. బాస్కెట్‌బాల్ స్టార్ మైకేల్ జోర్డాన్ బారన్స్‌కు ఆడినప్పుడు రిక్‌వుడ్‌లోనే ఆడాడనుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆయన ఆడిన 1994లో బారన్స్ సొంత గ్రౌండ్ శివారులోని హూవర్ మెట్. దానికోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

రెండూ కావాలంటే కుదురుతుంది, మధ్య దూరం పది నిమిషాల డ్రైవే. అలబామా టైము అట్లాంటా కన్నా గంట వెనక కాబట్టి పొద్దున బయల్దేరితే పగలు రిక్‌వుడ్, సాయంత్రం రీజియన్స్‌లో మ్యాచ్. సోమవారం మాత్రం పెట్టుకోకండి, బారన్స్‌కు మామూలుగా ఆ రోజు సెలవు.