క్లాస్ 2తో చేరిపోవాలా, క్లాస్ 1 కూడా ముగించాలా?

పైలట్ శిక్షణకు ఫీజు కట్టే ముందు చాలా ఇళ్లలో వచ్చే సందేహమిది. ఈ రెండూ పైలట్ కావాలంటే చేయించుకోవాల్సిన వైద్య పరీక్షల స్థాయిలు.

క్లాస్ 2: పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర చేయించుకోవచ్చు. ఖర్చు తక్కువ. స్టూడెంట్ లైసెన్సుకు ఇది చాలు.

క్లాస్ 1: అపాయింట్‌మెంట్ కోసం ఆగాలి. ఖర్చు, పరీక్షలు రెండూ ఎక్కువే. చెల్లుబాటు ఏడాదే కాబట్టి శిక్షణ సాగితే మళ్లీ వెళ్లాలి.

అయితే కమర్షియల్ లైసెన్సుకు క్లాస్ 1 తప్పనిసరి. పొలం అమ్మి లక్షలు కట్టి, 200 గంటలు ఎగిరాక 'అన్‌ఫిట్' అంటే ఆ పిల్లాడు తట్టుకోగలడా? అసలు భయం ఇదే.

ఏదైనా సరే, పాత ఆపరేషన్ కాగితాలు, కళ్లజోడు చీటీ వెంట తీసుకెళ్లండి. ఏదీ దాచొద్దు. ముందురోజు కంటినిండా నిద్రపోండి, టెన్షన్‌తో బీపీ పెరుగుతుంది.

సరదాకు ఎగరాలనుకుంటే క్లాస్ 2 చాలు. ఉద్యోగమే లక్ష్యమైతే, అప్పు చేసి చదవాల్సివస్తే మరీనూ, క్లాస్ 1 చేతికొచ్చాకే ఫీజు కట్టండి.