మా నగరం ఆస్టిన్‌కు పంపే కోరికల పత్రం: ఒక నివాసి సమీక్ష

మునిసిపాలిటీ సేవలంటే మంచినీళ్లు, చెత్త బండి, లైబ్రరీ, పార్కులు అనుకుంటాం. డల్లాస్‌ను ఆనుకొని ఉన్న మా నగరంలో పదేళ్లకు పైగా పన్ను కడుతున్న నాకు, వీటితో పాటు నా డబ్బుతో, నా తరఫున జరుగుతున్న మరొక సేవ కూడా ఉందని 2024 చివరలో గానీ తెలియలేదు. టెక్సస్ శాసనసభ సమావేశాలకు ముందు మా సిటీ కౌన్సిల్ ఒక ప్రాధాన్యాల పత్రాన్ని ఆమోదిస్తుంది. నగరం జీతమిచ్చి పెట్టుకున్న ఒక అధికారి, ఒప్పందం మీద పనిచేసే ఒక లాబీయిస్టు (శాసనసభ్యులను కలిసి నగరం తరఫున ఒప్పించే మనిషి) ఆ పత్రం పట్టుకొని రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ్యుల కార్యాలయాల చుట్టూ తిరుగుతారు. ఈ సమీక్ష ఆ సేవ గురించే. నగరం పేరు మాత్రం రాయడం లేదు.

ఈ సేవ అవసరమా అంటే, తప్పనిసరిగా అవసరమే. టెక్సస్ శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల్లో జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు మాత్రమే జరుగుతాయి. 150 మంది ప్రతినిధులు, 31 మంది సెనేటర్లు అంత తక్కువ వ్యవధిలో 8,000కు పైగా బిల్లులను ఎదుర్కొంటారు. వాటిలో ఏ నాలుగు నగరం చేతులు కట్టేస్తాయో ముందే కనిపెట్టకపోతే తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు. 2014 నవంబరులో టెక్సస్‌లోని డెంటన్ నగర ఓటర్లు తమ ఊళ్లో ఫ్రాకింగ్‌ను (భూమి లోపలి రాతి పొరలను నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్, చమురు తీయడాన్ని) నిషేధిస్తే, 2015 మే నెలకల్లా రాష్ట్రం ఒక్క చట్టంతో ఆ తీర్పును పక్కన పెట్టింది. ఓటర్లను అడగకుండా నగరాలు ప్రాపర్టీ ట్యాక్స్ రాబడిని ఏటా పెంచుకోగల పరిమితిని 2019లో 8 శాతం నుంచి 3.5 శాతానికి తగ్గించింది. నిర్మాణ కార్మికులకు ప్రతి నాలుగు గంటలకు పది నిమిషాల విరామం ఇవ్వాలని ఆస్టిన్ 2010లో, డల్లాస్ 2015లో పెట్టుకున్న నిబంధనల ఉనికికే 2023 నాటి రాష్ట్ర చట్టం ప్రమాదం తెచ్చింది. మన తెలుగు రాష్ట్రాల కార్పొరేషన్లలో ఎమ్మెల్యే ఎక్స్ అఫీషియో సభ్యుడిగా కౌన్సిల్లోనే కూర్చుంటాడు కాబట్టి నగరం మాట రాజధానికి చేరే దారి వేరు. ఇక్కడ ఆ ఏర్పాటు లేదు, మాటను మనిషిని పెట్టి పంపవలసిందే.

పత్రం తయారీ విషయంలో అధికారుల శ్రద్ధను మెచ్చుకోవాలి. వేసవిలో ప్రతి శాఖనూ అడిగి, వచ్చిన కోరికలను సమర్థించవలసినవి, వ్యతిరేకించవలసినవి, గమనించవలసినవి అని మూడుగా విడదీశారు. నీటి శాఖ, పోలీసు శాఖ ఇచ్చిన అంశాల పక్కన చట్టంలోని ఏ సెక్షన్ మారాలో, ఎందుకు మారాలో రెండు మూడు వాక్యాల్లో స్పష్టంగా రాశారు. అలాంటి కోరికను ఏ శాసనసభ్యుడైనా బిల్లుగా మార్చి ప్రవేశపెట్టగలడు. ముసాయిదాను అప్పటి నిబంధన ప్రకారం సమావేశానికి 72 గంటల ముందే వెబ్‌సైట్‌లో ఉంచారు కూడా.

నా అభ్యంతరం వరుస గురించి, ఆ వరుసను ఎవరిని అడిగి నిర్ణయించారన్న దాని గురించి. మా పత్రంలో మొదటి వాక్యం స్థానిక నిర్ణయాధికారాన్ని కాపాడాలని రాష్ట్రాన్ని కోరుతుంది. అదే పత్రంలో కొన్ని పేజీల తర్వాత, డల్లాస్ ప్రాంతంలో బస్సులు, రైళ్లు నడిపే డార్ట్ రవాణా సంస్థకు వెళ్లే సేల్స్ ట్యాక్స్‌లో కొంత భాగాన్ని సభ్య నగరాలకు మళ్లించే బిల్లును సమర్థించాలని ఉంది. డార్ట్‌ను 1983లో ఏర్పాటు చేసుకున్నది ఈ నగరాల ఓటర్లే. ఓటర్లు స్వయంగా వేసుకున్న పన్నును ఓటర్లను అడగకుండా ఆస్టిన్ చేత మార్పించాలనుకోవడం స్థానిక నిర్ణయాధికారం ఎలా అవుతుందో నాకు బోధపడలేదు.

నగరాల వాదనలో బలం లేదని నేను అనను. ఇక్కడ దుకాణంలో మనం కట్టే 8.25 శాతం సేల్స్ ట్యాక్స్‌లో 6.25 రాష్ట్రానిది, మిగిలిన 2 శాతంలో సగం, అంటే డాలరుకు ఒక సెంటు, సభ్య నగరాల్లో డార్ట్‌కు వెళుతుంది. సభ్యత్వం లేని ఫ్రిస్కో వంటి నగరాలు ఆ సెంటును తమ అభివృద్ధి సంస్థలకు వాడుకుంటూ కంపెనీలను ఆకర్షిస్తుంటే, పక్క నగరాలకు బాధ కలగడం సహజమే. 2023 ఆర్థిక సంవత్సరంలో సభ్య నగరమైన ప్లేనో నుంచి డార్ట్‌కు దాదాపు 11 కోట్ల డాలర్లు రాగా, ఆ నగరం కోసం చేసిన ఖర్చు 4.4 కోట్లేనని డార్ట్ చేయించిన అధ్యయనమే తేల్చింది. 2024 జూన్‌లో ప్లేనో కౌన్సిల్ ఒక సెంటును ముప్పావు సెంటుకు తగ్గించాలని తీర్మానించగా, మరికొన్ని నగరాలు అదే బాట పట్టాయి. డార్ట్ ఆదాయంలో నాలుగో వంతు మళ్లించే బిల్లు 2025లో వచ్చింది గాని చట్టం కాలేదు.

అయితే ఆ లెక్కలో మా అమ్మ లేదు. ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి, కారు నడపడం రాదు. మా ఇంటికి దగ్గరలోని బస్టాపులో నీడ కూడా ఉండదు, ఒక స్తంభం, దానికో బోర్డు, అంతే. గోడకున్న తెలుగు క్యాలెండర్ అంచున పెన్సిల్‌తో బస్సు వేళలు రాసుకొని, జూలై ఎండలో గొడుగు వేసుకొని అక్కడ నిలబడి, లైబ్రరీకి, అక్కడి నుంచి రైలులో తన స్నేహితురాలి ఇంటికి నా సాయం లేకుండా వెళ్లి వస్తుంది. ఈ దేశంలో ఆమెకు ఉన్న స్వేచ్ఛ అంతా ఆ బస్సే. ప్రాధాన్యాలు నిర్ణయించే ముందు శాఖలన్నింటినీ అడిగిన నగరం, బస్సు ఎక్కేవారిని ఒక్క మాటైనా అడగలేదు.

అడగనప్పుడు మనమే వెళ్లి చెప్పాలని ఆ రాత్రి సమావేశానికి వెళ్లాను. ఎజెండాలో ఉన్న అంశంపై కౌన్సిల్ నిర్ణయానికి ముందే మాట్లాడే హక్కును 2019లో వచ్చిన రాష్ట్ర చట్టమే పౌరులకు ఇచ్చింది. మూడు నిమిషాలు మాట్లాడాను. మేయర్ మర్యాదగా ధన్యవాదాలు చెప్పారు. ఆ పత్రాన్ని కన్సెంట్ ఎజెండాలో, అంటే చర్చ లేకుండా మూకుమ్మడిగా ఒక్క ఓటుతో ఆమోదించే అంశాల్లో చేర్చారని నాకు అప్పుడే అర్థమైంది. పార్కు బెంచీల కొనుగోలుతో కలిపి అది నెగ్గింది. రెండేళ్ల పాటు నగరం తరఫున ఎవరు ఏం మాట్లాడాలో నిర్ణయించే పత్రానికి విడిగా చర్చ, విడిగా ఓటు ఉండాలి.

ఫలితాలు చెప్పే విషయంలోనూ లోపం ఉంది. సమావేశాలు ముగిశాక ఏ కోరిక నెరవేరింది, ఏది కమిటీలోనే ఆగిపోయింది, ఎందుకు ఆగింది అన్న వరుస నివేదిక మాకు అందలేదు. ఉదాహరణకు, పెద్ద కౌంటీల్లో లక్షన్నర జనాభా దాటిన నగరాలు వాణిజ్య స్థలాల్లో అపార్ట్‌మెంట్లను అనుమతించాలనే బిల్లును మా పత్రం గట్టిగా వ్యతిరేకించింది. 2025 సెప్టెంబరు 1 నుంచి అది చట్టంగా అమలవుతోంది. వద్దు అనడంతో పాటు, తప్పనప్పుడు ఏ షరతులతో ఒప్పుకుంటామో కూడా రాసి ఉంటే లాబీయిస్టు చేతికి బేరమాడేందుకు ఏదో ఒకటి ఉండేది.

ఇంత చెప్పినా ఈ సేవను రద్దు చేయాలని నేను కోరను. పన్ను డబ్బుతో నగరాలు లాబీయిస్టులను పెట్టుకోకూడదనే బిల్లు 2025లో సెనేట్ దాటి ప్రతినిధుల సభలో ఆగిపోయింది, అలా ఆగడం మంచిదైంది. అది నెగ్గి ఉంటే కంపెనీల లాబీయిస్టులు ఆస్టిన్‌లోనే ఉండేవారు, మన తరఫు మనిషి మాత్రం ఉండేవాడు కాదు. ఐదు నక్షత్రాలకు నేను మూడు ఇస్తాను: శాఖల పనితనానికి రెండు, ముసాయిదాను ముందుగా చూపినందుకు ఒకటి.

ప్లేనో, అర్వింగ్, కరోల్టన్ వంటి నగరాల్లో ఉన్న మన తెలుగువారికి ఒక మాట. తదుపరి సమావేశాలు 2027 జనవరి 12న మొదలవుతాయి, కాబట్టి పత్రాలు 2026 వేసవి, శరత్కాలాల్లోనే తయారవుతాయి. ఆగస్టు నుంచి మీ కౌన్సిల్ వర్క్ సెషన్ (ఓటుకు ముందు చర్చించుకునే సమావేశం) ఎజెండాలు చూస్తూ ఉండండి. మార్పులు జరిగేది అక్కడే, తుది ఓటు రోజున కాదు. అనువాదకుని సాయంతో మాట్లాడేవారికి, కౌన్సిల్ దగ్గర అప్పటికప్పుడు అనువదించి వినిపించే పరికరాలు లేకపోతే, రెట్టింపు సమయం ఇవ్వాలని కూడా ఆ 2019 చట్టంలోనే ఉంది. ఈసారి అమ్మ వస్తానంది. ఆమె తెలుగులో మాట్లాడుతుంది, నేను ఇంగ్లీషులో చెబుతాను. ఆరు నిమిషాలు.