బ్లేడ్‌తో పేచీ లేదు, ఒక్క @ఎంప్టీతో తప్ప

పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్‌లో పేజీల టెంప్లేట్లు రాసే బ్లేడ్‌లో ఇఫ్, ఎల్స్ ఎలా రాయాలో అందరికీ తెలుసు కాబట్టి ఆ జోలికి పోను. ఏళ్లుగా అడ్మిన్ పేజీలకు వాడుతున్నాను. @ఆథ్ (లాగిన్ అయినవాళ్లకు), @గెస్ట్ (కానివాళ్లకు), @కెన్ (అనుమతి ఉన్నవాళ్లకు) చూడగానే ఆ ముక్క ఎవరికి కనిపిస్తుందో తెలిసిపోతుంది, చదవడానికి హాయి. నా కోపమంతా విలువ ఖాళీయా అని చూసే @ఎంప్టీ మీదే.

కంట్రోలర్ ఆర్డర్లను ఎలోక్వెంట్ (లారావెల్‌లో డేటాబేస్‌తో మాట్లాడే భాగం) 'గెట్'తో తెచ్చి టెంప్లేట్‌కు పంపుతుంది. టెంప్లేట్‌లో @ఎంప్టీకి బ్రాకెట్లో $ఆర్డర్స్ ఇచ్చి, కింద "ఆర్డర్లు లేవు" అని రాస్తాం. ఆర్డరు ఒక్కటీ లేని రోజున ఆ మాట రాదు, టేబుల్ హెడింగులు మాత్రం బోసిగా నిలబడతాయి. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో ఏమీ ఉండదు. స్టోరేజ్/ఫ్రేమ్‌వర్క్/వ్యూస్‌లో కంపైలైన ఫైలు తెరిస్తే గుట్టు తెలుస్తుంది. అక్కడున్నది మామూలు పీహెచ్‌పీ ఎంప్టీయే. 'గెట్' ఇచ్చేది కలెక్షన్, అంటే ఆబ్జెక్ట్. లోపల వరుసలు సున్నా అయినా ఆబ్జెక్ట్‌ను పీహెచ్‌పీ ఖాళీ అనదు. ఉత్త @ఇఫ్ పెట్టినా ఇదే గతి. కలెక్షన్ మీద 'ఈజ్‌ఎంప్టీ' పిలవాల్సిందే.

సరుకు స్టాక్ ఎంతుందో చూపేచోట ఇది తిరగబడుతుంది. 0 అక్కడ సరైన విలువే, కానీ ఎంప్టీకి అంకె 0, స్ట్రింగ్ "0" రెండూ ఖాళీయే. "స్టాక్ 0" రావాల్సిన చోట "వివరం లేదు" వస్తుంది. నల్‌తో (అంటే విలువే లేకపోవడంతో) మూడు ఈక్వల్స్ పెట్టి పోల్చడమే మేలు.

తమాషా ఏమిటంటే, వరుసలుంటే లూప్ తిప్పి, లేకపోతే వేరే మాట చూపే @ఫర్‌ఎల్స్ మధ్యలో బ్రాకెట్ లేకుండా రాసే @ఎంప్టీ కలెక్షన్‌తో చక్కగా నడుస్తుంది. అది ఎంప్టీని పిలవనే పిలవదు. లూప్ ముందు ఒక వేరియబుల్‌ను ట్రూ చేసి, మొదటి వరుస రాగానే ఫాల్స్ చేస్తుంది. నల్ పంపితే మాత్రం ఫర్‌ఈచ్ దగ్గరే పేజీ పడిపోతుంది.

చదవడానికి హాయి అన్నాను కదా, హెచ్‌టీఎంఎల్ క్లాస్ లోపల అంత హాయి కాదు. 'యాక్టివ్' చివరి అక్షరానికి అంటించి @ఎండ్‌ఇఫ్ రాస్తే బ్లేడ్ దాన్ని గుర్తించదు, ఇఫ్ మూతపడక సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. మధ్యలో ఒక స్పేస్ చాలు. షరతును బట్టి క్లాసులు పెట్టే @క్లాస్ వాడితే ఆ గొడవే లేదు. @కెన్ కూడా బటన్‌ను దాస్తుందంతే, రూట్‌కు (ఆ పని చేసే యూఆర్‌ఎల్‌కు) విడిగా కాపలా పెట్టుకోవాలి.

నావన్నీ సర్వర్‌లోనే తయారయ్యే పేజీలు, ఇద్దరు ముగ్గురు చేయి పెట్టే ప్రాజెక్టులు. వాటికి బ్లేడ్ మార్చే ఉద్దేశం లేదు. కొత్తవాళ్లు ఎక్కువున్న టీమైతే మాత్రం, బ్రాకెట్‌తో @ఎంప్టీ ఉన్న కోడ్‌ను రివ్యూలోనే ఆపేస్తాను.